గుడ్డ కట్టని రెండు ఖర్జూరాలు

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లోని మహూజ్‌లో ఖర్జూరపు తోటలుండేవంటే మా మనవరాలు నమ్మదు. తనకు తెలిసిన మహూజ్ అంటే అపార్ట్‌మెంట్లు, వాటి కింద పార్కింగ్ కోసం కొట్లాటలు. నేను మాత్రం ఎనిమిదో ఏట నుంచి అక్కడే, ఒక పెద్ద బహ్రెయినీ కుటుంబం ఇంటి వెనక గదిలో పెరిగాను. మా అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది, నాన్న వాళ్ళ కారు నడిపేవాడు. మాది గోదావరి పక్క. నాయనమ్మను వదిలి వచ్చిన కొత్తలో నేను రోజూ సాయంత్రమయ్యేసరికి రాగం తీసేదాన్నట. అదంతా నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ ఇంటి వెనక తోట, ఆ తోటను చూసుకునే మామయ్య.

మామయ్య అంటే సొంత మామయ్యేం కాదు. ఆయనది కరీంనగర్ వైపు ఒక పల్లె. ఊళ్ళో ఈతచెట్లూ తాటిచెట్లూ ఎక్కి కల్లు గీసేవాడు. దుబాయి పోతున్నానని ఊరందరికీ చెప్పి బహ్రెయిన్‌లో దిగాడు. సముద్రం దాటితే అంతా దుబాయే అనేవాడు, కాదని ఎంత చెప్పినా వినేవాడు కాదు. మా అమ్మను అక్కా అని పిలిచాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. నన్నేమో కోడలా అనేవాడు. వచ్చిన మొదటివారంలోనే ఒక ఖర్జూరం చెట్టెక్కి, దాని మెడ దగ్గర తడిమి చూసి, ఇది మా ఈతచెట్టుకు అక్క అవుతుంది, గీస్తే పొద్దున్నకల్లా కుండ నిండుతుందని మురిసిపోయాడు. ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి ఎత్తావంటే నిన్నూ మమ్మల్నీ కలిపి విమానం ఎక్కిస్తారని అమ్మ గరిటె చూపించి బెదిరించింది. మళ్ళీ ఎత్తలేదు. కానీ చెట్టు దిగినప్పుడల్లా దాని వంక చూసి ఒక నిట్టూర్పు మాత్రం విడిచేవాడు.

తోటలో చెట్లు చాలానే ఉన్నా నేను చెప్పబోయేది వెనక గోడ వారన ఉన్న ఏడింటి గురించి. ఏడూ ఏడు రకాలు. ఆ ఇంటి పెద్దావిడ కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి నుంచీ చుట్టాల ఇళ్ళ నుంచీ పిలకలు తెచ్చి నాటించుకున్నవి. ఖర్జూరం గింజ పాతితే తల్లి పండే వస్తుందన్న భరోసా లేదు. తల్లి మొదట్లో పుట్టిన పిలకను తీసి నాటితేనే ఆ పండు వస్తుంది. కాబట్టి పిలక తీసేవాడికి తల్లి ఏదో తెలిసి తీరాలి. పొరపాటు పిలక నాటితే ఆ పొరపాటు అప్పుడే బయటపడదు. నాలుగైదేళ్ళు నీళ్ళు పోసి, మొదటి గెల వేశాక అప్పుడు నెత్తిన చేతులు పెట్టుకోవాలి.

మామయ్య వచ్చిన ఏడాది, వేసవిలో కాయలు రంగు తిరుగుతున్నప్పుడు, పెద్దావిడ ఆ చెట్ల ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని ఒక్కోదాని పేరూ చెప్పింది. ఇది బర్హీ, ఇది ఖునేజీ అంటూ ఏడు పేర్లు. మామయ్యకు చదువు రాదు. అందుకని అమ్మ దగ్గర పాతచీరల పేలికలు అడిగి తీసుకుని ఒక్కో చెట్టుకు ఒక్కో రంగు గుడ్డ కట్టాడు. ఏ రంగు ఏ పేరో మరిచిపోకుండా, ముడి వేసినప్పుడల్లా కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ నాలుగైదుసార్లు అనుకున్నాడు. ఆయన తెలివికి పెద్దావిడ కూడా మెచ్చుకుంది.

ఇదంతా నేను వంటింటి కిటికీలోంచి చూశాను. చూశానే గానీ ఒక్క మాటా వినబడలేదు. చెట్టుకు గుడ్డ కట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపితే గోదావరి పిల్లకు దాని అర్థం ఒక్కటే, మొక్కు. మా నాయనమ్మ ఊళ్ళో అమ్మవారి దగ్గర వేపచెట్టుకు అచ్చం అలాగే కట్టేది. మొక్కు తీరగానే వెళ్ళి ముడి విప్పాలని, విప్పకుండా బద్ధకిస్తే అమ్మవారు ఇచ్చింది ఇచ్చినట్టే వెనక్కి తీసుకుంటుందని నాకు వంద కథలు చెప్పింది. ఊళ్ళో మామయ్య భార్య నెల తప్పిందని అప్పటికే ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకేం, అంతా సరిపోయింది. ఒక్క మొక్కుకు ఏడు చెట్లెందుకో మాత్రం అర్థం కాలేదు. మామయ్యకు భయం ఎక్కువ కాబోలు అనుకున్నాను.

చలికాలం వచ్చింది, కాయలన్నీ కోసేశారు, చెట్లు బోసిగా నిలబడ్డాయి. ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున, దగ్గర్లోని సల్మాబాద్‌లో పనిచేసే మామయ్య ఊరివాడొకడు సెలవు నుంచి తిరిగొస్తూ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. అమ్మ చదివి వినిపించింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మామయ్య వంటింటి గడప మీదే కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. సంతోషానికి కూడా ఏడుస్తారని నేను మొదటిసారి చూసింది ఆ రోజే. తర్వాత మొహం కడుక్కుని, అందరి నోళ్ళూ తీపి చేస్తానంటూ బజారుకు పరిగెత్తాడు.

నేనూ పరిగెత్తాను, తోటలోకి. ఆ తండ్రికి సంబరంలో మొక్కు సంగతి గుర్తులేదు, పాపం ఆ పసిపిల్లకు ఏమన్నా అయితే? ఏడు ముడులూ గోళ్ళు నొప్పి పుట్టేలా విప్పాను. గుడ్డలన్నీ మడతపెట్టి, అమ్మ దేవుడి పటాల ముందు పెట్టి, దణ్ణం కూడా పెట్టుకున్నాను. అంత పుణ్యం చేశానన్న తృప్తి నాకు మళ్ళీ జన్మలో కలగలేదు.

ఇంట్లో అందరికీ తెలిసి నాకు మాత్రం తెలియని విషయం ఒకటుంది. ఆ మర్నాడే, శుక్రవారం పొద్దున, పెద్దావిడ కూతురు కొత్తగా కట్టుకున్న ఇంటికి ఈ ఏడు చెట్ల పిలకలూ తీసుకెళ్ళడానికి బండి వస్తోంది. అంతకంటే పెద్ద విషయం మరొకటి. మామయ్యను ఇంకో ఏడాది ఉంచుకోవాలా, పంపేయాలా అన్నది కఫీల్ ఆ నెలలోనే తేల్చాలి. కఫీల్ అంటే పెద్దావిడ కొడుకు, మా అందరి వీసాలూ ఆయన చేతిలోనే ఉండేవి. భాష రానివాడికీ చదువు రానివాడికీ తోట అప్పగించామేమిటని ఆయనకు మొదటి నుంచీ గుర్రుగానే ఉండేది. ఈ పిలకల పని సరిగ్గా చేస్తే ఉంటాడు, లేకపోతే లేదని తల్లితో అననే అన్నాడు.

మామయ్య జిలేబీల పొట్లంతో తోటలోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఉత్తి మానులు చూశాడు. ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు, మళ్ళీ ఆ చివరికి నడిచాడు. గాలికి ఒకటి ఊడుతుంది, రెండు ఊడతాయి, ఏడూ ఎలా పోతాయి? నేను గర్వంగా ఎదురెళ్ళి, నేనే విప్పాను మామయ్యా, మొక్కు తీరిందిగా అని చెప్పాను. సంగతి అర్థమయ్యాక ఆయన చెట్టుకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. అప్పుడు మెల్లగా చెప్పాడు, ఆ గుడ్డలు దేనికో, రేపు ఎవరు వస్తున్నారో, వీసా సంగతేమిటో.

అమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది, అంతా విని చెయ్యెత్తింది. మామయ్య అడ్డం వచ్చాడు.

"కొట్టకు అక్కా. నా బిడ్డ కోసమే చేసింది గద."

అమ్మ చెయ్యి దించింది గానీ నోరు దించలేదు. దాని సంగతి మీకు అనవసరం. నేను ఏడుస్తూ దేవుడి దగ్గర నుంచి గుడ్డలు తెచ్చి ఇచ్చాను. ఏది ఏ చెట్టుదో గుర్తుందా మామయ్యా అని అడిగితే, లేదన్నాడు. కాయలున్నప్పుడైతే ఎవడైనా చెప్తాడు, ఇప్పుడు ఏడూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయన్నాడు. కాసేపు మట్టలకేసి చూశాడు, నేలకేసి చూశాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చెట్టు పాదులో మట్టి కెలకడం మొదలుపెట్టాడు.

"గుడ్డ పోతే పోయింది కోడలా. చెట్టు కింద ఏం రాలిందో చూస్తే చెట్టేందో తెలుస్తది."

నిరుడు రాలిన పండ్లన్నీ కుళ్ళి, ఎండి, గింజలు మాత్రం మట్టిలో మిగిలి ఉన్నాయి. ఆయన వేసవంతా ఏడు చెట్ల పండ్లూ తిన్నాడు. తిన్నవాడు ఊరికే తినలేదు, ప్రతి గింజనూ తిప్పి చూసి గాని ఉమ్మేవాడు కాదు. ఈతపండు గింజ చూసి చెట్టు చెప్పడం వాళ్ళ ఊళ్ళో పిల్లల ఆటట. అందుకని ఏ రంగు గుడ్డ చెట్టుకు ఏ గింజో ఆయన మనసులో ఉంది. ఎర్రగుడ్డ చెట్టు గింజ సన్నగా పొడుగ్గా, ఒక కొస మొనదేలి ఉంటుంది. పసుపుగుడ్డది పొట్టిగా బొద్దుగా ఉంటుంది. నీలానిది నడుమ గాడి వెడల్పు, గోరు పెడితే దిగుతుంది. ఇంకొకదాని వీపు మీద ముడతలు. నాకు మొదట అన్నీ గింజల్లాగే కనబడ్డాయి. గౌను ఒడిలో పోసుకుని, నీళ్ళతో కడిగి, నున్నటి బండ మీద వరసగా పేర్చాక అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. గంట తిరిగేసరికి నేనే ముందు చెప్పేస్తున్నాను. చెప్పేశాక మామయ్య ఎక్కడ మెచ్చుకోకుండా ఉంటాడోనని ఆయన మొహంలోకి చూసేదాన్ని.

అయితే తొందరపడనిచ్చేవాడు కాదు. ఒక్క గింజను చూసి పేరు పెట్టొద్దనేవాడు. పిట్ట ఎక్కడో తిని ఇక్కడ వదిలి ఉండొచ్చు, నాలాంటి కోతిపిల్ల తినుకుంటూ వచ్చి ఉమ్మి ఉండొచ్చు. ఒక్కో పాదులో ముప్పై నలభై గింజలు ఏరి, ఎక్కువ ఎటుంటే అటు అనేవాడు. అదీ చాలక మోకు నడుముకు వేసుకుని పైకెక్కి, మట్టల మొదళ్ళలో ఇరుక్కుని ఎండిపోయిన పండు ఒకటో రెండో వెతికి తెచ్చి, దాని గింజ తీసి కింది గింజలతో కలిపి చూసేవాడు. రెండూ ఒకటే అయితేనే గుడ్డ ముడి వేసేవాడు. అలా ఎండ వాలేసరికి ఐదు చెట్లకు ఐదు గుడ్డలు పడ్డాయి. నేను అప్పటికే జిలేబీలు తినడం మొదలుపెట్టాను.

మిగిలిన రెండు చెట్లు మూల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒకటే పాదు. తవ్వితే రెండు రకాల గింజలూ కలగలిసి వచ్చాయి, అటు సగం ఇటు సగం. ఆ రెండు రకాలూ ఏవో మామయ్యకు తెలుసు, తెల్లగుడ్డదీ ఆకుపచ్చదీ. తెలియనిదల్లా ఏ మాను ఏదన్నదే. పైకెక్కి వెతికాడు. పోయిన నెలలోనే ఆ రెండు చెట్లనూ తనే మట్టలు కొట్టి నున్నగా శుభ్రం చేశాడు, ఒక్క ఎండుపండు కూడా మిగల్లేదు. దిగివచ్చి తలపట్టుకున్నాడు. తెల్లగుడ్డ చెట్టు మామూలు చెట్టయినా బాగుండేది. అది పెద్దావిడ వాళ్ళ అమ్మ చేతి చెట్టు. వేరే ఏది ఇచ్చినా ఇవ్వకపోయినా, దాని పిలకలు రెండు మాత్రం కూతురింటికి వెళ్ళాలని ఆవిడ మరీ మరీ చెప్పి ఉంది.

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉపాయం చెప్పాను. కుడివైపుదానికి తెల్లగుడ్డ కట్టెయ్ మామయ్యా, కాయలొచ్చాక తప్పని తేలితే ఇక్కడ గుడ్డ మార్చేద్దాం, అక్కడ నాలుగేళ్ళ దాకా ఎవరికీ తెలీదుగా అన్నాను. ఆయన వెంటనే కాదనలేదు, ఆ సంగతి నాకు బాగా గుర్తు. తెల్లగుడ్డ తీసి కుడివైపు మాను చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఊళ్ళో ఇంకా మొహం కూడా చూడని కూతురు. రేపు మధ్యాహ్నానికి వీసా ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి. చివరికి ఒక కొస వదిలేశాడు.

"తెల్వది కోడలా. తెల్వని చెట్టుకు గుడ్డ ఎట్ల కడుత."

రెండు గుడ్డలూ మడిచి జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నాకు ఆ క్షణాన ఆయన మీద ఒళ్ళు మండింది. అంత చిన్న అబద్ధం ఆడలేని మనిషి ఎలా బతుకుతాడు అనుకున్నాను.

శుక్రవారం పొద్దున బండి వచ్చింది. పెద్దావిడ కుర్చీలో కూర్చుంది, కఫీల్ పక్కన నిలబడ్డాడు. నేను అమ్మ చీర పట్టుకుని వెనక నక్కాను. మామయ్య తనకొచ్చిన నాలుగు అరబ్బు ముక్కలూ, ఐదు హిందీ ముక్కలూ కలిపి, గుడ్డలు ఊడిపోయాయనీ, తప్పు తనదేననీ చెప్పాడు. నా పేరెత్తలేదు. గింజలు చూసి ఐదు గుర్తుపట్టానని చూపించాడు. తర్వాత జేబులోంచి రెండు గుడ్డలూ తీసి, ఈ రెండూ తెలియవు అన్నాడు. కఫీల్ మొహం ఎర్రబడింది. తన చెట్టు తనకు తెలియనివాడు తోటమాలి ఎలా అవుతాడని తల్లితో గట్టిగానే అన్నాడు. నాకు అరబ్బు పూర్తిగా రాకపోయినా ఆ గొంతు అర్థమైంది.

పెద్దావిడ గింజలు తెమ్మంది. బండ మీద మేం పేర్చిన వరసలు చెదరకుండా పళ్ళెంలో పెట్టి తీసుకొచ్చాడు మామయ్య. ఆవిడ ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య తిప్పి చూసింది, ఐదు పేర్లూ పలికింది. ఐదూ సరిపోయాయి. కలగలిసిన గింజల్లోంచి ఒకటి ఏరి, ఇది మా అమ్మది అని కాసేపు అరచేతిలో పట్టుకుంది. అయితే ఆ రెండు మానుల్లో ఏది ఏదో ఆవిడా చెప్పలేకపోయింది. కళ్ళు మసకేశాక తనకూ తెలియడం లేదనీ, అందుకే ఆ గుడ్డలను నమ్ముకున్నాననీ ఒప్పుకుంది. అప్పుడు కొడుకును పిలిచి, ముందు గేటు పక్కనున్న మూడు ఖర్జూరాలు చూపించింది. ఇంతకు ముందున్న తోటమాలి అన్నీ తెలుసని గుండె మీద చెయ్యి వేసుకుని నాటిన చెట్లవి. ఆరేళ్ళు నీళ్ళు పోస్తే కాసింది మేకలు కూడా ముట్టని కాయ. ఆ తర్వాత ఆవిడ అన్న మాట అమ్మ నాకు తెలుగులో చెప్పింది, నేను అరవయ్యో ఏటికి చేరువైనా మరిచిపోలేదు.

"ఇతను రెండు తెలియవన్నాడు. అంటే మిగతా ఐదూ నిజంగా తెలుసు."

కఫీల్ బండివాడికి సైగ చేశాడు. ఐదు చెట్ల పిలకలు బండెక్కాయి, రెండింటివి తల్లుల దగ్గరే ఉండిపోయాయి. బండి కదిలాక నాకెక్కడ నుంచి ధైర్యం వచ్చిందో, అమ్మ చీర వదిలేసి పెద్దావిడ ముందుకెళ్ళి, గుడ్డలు విప్పింది నేనేనని చెప్పేశాను. ఎందుకు విప్పానో అమ్మ వివరించాల్సి వచ్చింది. ఆవిడ మొదట నోరు తెరుచుకుని విని, తర్వాత కుర్చీ ఊగేలా నవ్వింది. ఆఖరికి కఫీల్ కూడా మొహం అటు తిప్పుకుని నవ్వాడు. ఆ మధ్యాహ్నం మామయ్య కూతురి పేరు మీద ఆ ఇంటి నుంచి ఒక పెద్ద పళ్ళెం నిండా హల్వా వచ్చింది. వీసా మరుసటి నెలలోనే పొడిగించారు.

ఆ వేసవిలో మామయ్యా నేనూ రోజూ పొద్దున్నే మూల మీది చెట్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. జూన్ చివర్లో ఒకదాని కాయలు పసుపు తిరిగాయి, రెండోదానివి గులాబీ రంగుకొచ్చాయి. గులాబీ రంగుది పెద్దావిడ వాళ్ళ అమ్మ చెట్టు, కాబట్టి తెల్లగుడ్డ ఎడమవైపు ఉన్న ఆ చెట్టుకు పడింది. నేను కుడివైపుదానికి కట్టమన్నాను కదా. నేను చెప్పినట్టు చేసి ఉంటే ఆ కూతురు వాళ్ళ అమ్మమ్మ చెట్టనుకుని వేరే దేనికో ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి ఉండేది. సెప్టెంబరులో అసలైన పిలకలు వెళ్ళాయి, వాటిని మామయ్యే వెళ్ళి నాటి వచ్చాడు.

నేను ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, జుఫైర్‌లో ఒక హోటల్లో మిఠాయిల వంటగది చూసుకుంటున్నాను. మొన్న ఒకావిడ చిన్నపిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి, ఈ మిఠాయిలో జీడిపప్పు గానీ పిస్తా గానీ ఉందా, వీడికి పడదు అని అడిగింది. మా కొత్త కుర్రాడు లేదమ్మా లేదు అని చెప్పబోతుంటే నేను ఆపి, తెలియదమ్మా, కనుక్కుని చెప్తాను అన్నాను. ఇంత పెద్ద హోటల్లో, ఇంత వయసొచ్చి, తెలియదంటారేమిటని ఆవిడ విసుక్కుంది. విసుక్కుంటే విసుక్కోనీ. లోపలికి వెళ్ళి, చేసినవాణ్ణి నిద్రలేపినంత పనిచేసి అడిగితే, పిస్తా పొడి కలిపాడని తేలింది. వచ్చి, ఉంది, బాబుకు పెట్టకండి అని చెప్పాను. ఆవిడ పిల్లవాణ్ణి గట్టిగా హత్తుకుంది.

తెలియదు అనేటప్పుడు ఇప్పటికీ నాకు ఒక్క క్షణం సిగ్గేస్తుంది, అబద్ధమెందుకు. అయినా అనేస్తాను. మామయ్యకు వీసా పోతుందని తెలుసు, కూతురు పుట్టి నెల కాలేదు, అయినా అన్నాడు. నాదేం పోయింది.